పొటోసీకి రెండుసార్లు ఎక్కాను

బందరు తిరిగి వచ్చి వారం రోజులైంది. తేదీలు, లెక్కలు మరిచిపోకముందే రాసి పెట్టమని తమ్ముడు రోజూ ఫోను చేస్తున్నాడు. దక్షిణ అమెరికాలో, బొలీవియాలోని వెండి గనుల ఊరు పొటోసీకి మనవాళ్లు ఏటా ఎందరు వెళ్తారో నాకు తెలియదు. వెళ్లేవాళ్లలో ఒక్కరైనా నాలాగా మొదటి రాత్రి గుక్క తిప్పుకోలేక మంచం అంచున కూర్చునే అవస్థ తప్పించుకుంటే, ఈ రాత ఫలించినట్టే.

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను. వయసు 47. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మచిలీపట్నంలో మన నేతబట్టలు కొని వెండి ఇచ్చారనీ, ఆ వెండిలో పొటోసీ కొండలో తవ్వింది కూడా ఉందనీ ఇరవై రెండేళ్లుగా ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతున్నాను. బందరుకోట దగ్గరి డచ్చి సమాధులు చూపించడానికి వాళ్లను తీసుకెళ్తాను. అక్కడ నిలబడి వెండి గురించి మాట్లాడినప్పుడల్లా, ఆ కొండను ఒక్కసారైనా కళ్లారా చూడలేదన్న వెలితి ఉండేది. తమ్ముడికి రెండేళ్ల క్రితం బ్రెజిల్‌లోని సావో పాలోకు బదిలీ అయింది. "అక్కా, ఈ వేసవి సెలవుల్లో రాకపోతే ఇంక నువ్వు రావు" అన్నాడు. అలా మొదలైంది.

ముందు టీకా. 2023 మార్చి 2న హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ కేంద్రానికి వెళ్లి పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేయించుకున్నాను. అక్కడ పట్టింది మూడు గంటలు, అయిన ఖర్చు కొన్ని వందలు. పసుపు రంగు చిన్న పుస్తకంలో ముద్ర వేసి ఇస్తారు. ఆ పుస్తకం పది రోజుల తరవాతే చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం పనికొస్తుంది. అక్కడికి వెళ్లడానికి మాత్రమే అనుకుని చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. అది లేకుండా బొలీవియా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. వీసా కాగితాలు ఢిల్లీకి పంపిన పందొమ్మిదో రోజున చేతికి వచ్చాయి. ప్రయాణ బీమా తీసుకున్నాను. ఉన్ని బట్టలు సర్దుకున్నాను. అమ్మ ఆవకాయ, కందిపొడి పొట్లాలు కట్టించింది. రక్తపోటు చూపించుకున్నాను, బాగానే ఉందన్నారు.

ఇన్ని చేసినా, ఊరి ఎత్తు గురించి ఎవరినీ అడగలేదు. పొటోసీ సుమారు 4,070 మీటర్ల ఎత్తున ఉందని నాకు తెలుసు. తరగతిలో నల్లబల్ల మీద ఎన్నోసార్లు రాశాను. లేహ్ కంటే కూడా 500 మీటర్లకు పైగా ఎత్తు. అది పరీక్షలో రాసే అంకెగానే నా బుర్రలో ఉండిపోయింది. నేను పుట్టి పెరిగింది సముద్రమట్టానికి కాస్తంత పైన ఉన్న ఊళ్లో.

మే 6న హైదరాబాద్‌లో బయలుదేరాను. దుబాయ్ మీదుగా సావో పాలో, అక్కడ తమ్ముడు నా విమానంలోనే ఎక్కాడు. మే 8న బొలీవియా తూర్పు మైదానంలోని సాంతాక్రూజ్‌లో దిగాం. మన కోస్తాలో ఉన్నట్టే ఉంది, ఉక్కపోత, కొబ్బరిచెట్లు. మర్నాడు చిన్న విమానంలో సూక్రేకి వెళ్లాం. సూక్రే 2,800 మీటర్ల ఎత్తున ఉన్న తెల్లని ఊరు. మెట్లు ఎక్కితే కాస్త ఆయాసం వచ్చింది తప్ప మరేమీ లేదు. మా పథకం ప్రకారం సూక్రేలో నాలుగు రాత్రులు ఉండి, శరీరం అలవాటు పడ్డాక పొటోసీ ఎక్కాలి. ఆ పథకం తమ్ముడిది, సరైనదే.

దాన్ని చెడగొట్టింది నా తొందర. ఆ సాయంత్రం బస్సు స్టేషన్లో, గురువారం నుంచి పొటోసీ దారిలో రాస్తారోకో జరగవచ్చని ఎవరో అన్నారు. బొలీవియాలో ఇది మామూలే. దారికి అడ్డంగా రాళ్లు, మట్టి పోసి రోజుల తరబడి కూర్చుంటారు. వాళ్ల మాటలో 'బ్లోకేయో'. ఇంత దూరం వచ్చి కొండను చూడకుండా తిరిగి పోతానేమో అన్న భయం పట్టుకుంది. "రేపే వెళ్లిపోదాం" అన్నాను. తమ్ముడు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి ఊరుకున్నాడు.

మే 10, బుధవారం ఉదయం పదిన్నరకు నలుగురెక్కే టాక్సీలో బయలుదేరాం. మనిషికి 60 బొలీవియానోలు. అప్పుడు ఒక బొలీవియానో మనకు దాదాపు 12 రూపాయలు. దూరం 155 కిలోమీటర్లు, మూడు గంటల చిల్లర. దారి ముందు పిల్కొమాయో నదిదాకా కిందికి దిగుతుంది. అక్కడ కోట బురుజుల్లాంటి స్తంభాలతో పాత వేలాడే వంతెన పక్కన కనిపిస్తుంది. ఈ నది పొటోసీ వైపు కొండల్లోని నీటిని అర్జెంటీనా, పరాగ్వే సరిహద్దులదాకా మోసుకెళ్తుంది. గనుల మురికి కూడా అందులోనే పోతుంది. వంతెన దాటాక ఇక ఎక్కుడే. బెతాన్సోస్ అనే ఊరు దాటేసరికి చెట్లు పోయాయి. ఆ తరవాత పొలాలు పోయాయి. పసుపుపచ్చని గడ్డి దుబ్బులు, లామాలు, మట్టి ఇటుకల ఇళ్లు, ఆపైన ఉత్త ఆకాశం.

ఒక మలుపు దగ్గర నా చేతిసంచిలో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే అమ్మ ఇచ్చిన ఆవకాయ పొట్లం. బందరులో పలచగా మడతపడి ఉన్నది, ఇప్పుడు బంతిలా ఉబ్బి, అంచులు లాగుకుపోయి, నూనె ఒక మూలకు చేరి నిగనిగలాడుతోంది. బయట గాలి ఒత్తిడి తగ్గిపోతుంటే లోపల బంధించి ఉన్న బందరు గాలి వ్యాకోచించింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వుకున్నాను. నా తలలో, ఊపిరితిత్తుల్లో అదే సమయంలో ఏదో మొదలవుతుందని అప్పుడు తోచలేదు.

కొండ కనిపించింది. సెర్రో రికో అంటే సిరుల కొండ. నేను బొమ్మల్లో చూసిన ఆకారమే, సరిగ్గా శంకువు. రంగు మాత్రం బొమ్మల్లో రాలేదు. ఎరుపు, గోధుమ, అక్కడక్కడ ఊదా, ఎండలో కాలిన కుండపెంకులా ఉంది. శిఖరం దాదాపు 4,800 మీటర్లు. 1545లో దాని కింద ఊరు పుట్టింది, వెండి కోసమే. అక్కడ పంట పండదు, వంటచెరకు దొరకదు, ఊపిరి ఆడదు. 1600 దాటిన తొలి దశాబ్దాల్లో అక్కడ లక్షన్నరకు పైగా జనం ఉండేవారు. ఆనాటి ప్రపంచంలోని పెద్ద నగరాల్లో అదొకటి. ఇప్పుడు మన జిల్లా కేంద్రాల స్థాయి ఊరు. టాక్సీ కిటికీలోంచి దాన్ని చూస్తూ ఏడ్చాను. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి చేరాం. అద్దెకు తీసుకున్న గది పైఅంతస్తులో ఉంది. ఇంటావిడ అరవై దాటిన మనిషి, రెండు జడలు, మందమైన శాలువా. మా సామాను చూసి, మమ్మల్ని చూసి, కొలిచినట్టు నిదానంగా, "ఈ రోజు పడుకోండి" అన్నారు. తమ్ముడి పోర్చుగీసు, ఆమె స్పానిష్ కలిసి అంతవరకు అర్థమైంది. నేను పడుకోలేదు. ఒంట్లో ఏమీ లేదు, హుషారుగా కూడా ఉంది. ఎత్తు జబ్బు దిగిన వెంటనే రాదు, ఆరు గంటలో పన్నెండు గంటలో ఆగి వస్తుంది. ఆ ఆరు గంటలూ నేను వీధుల్లో తిరిగాను. చౌరస్తాకు ఎక్కాను, సాన్ లొరెన్సో చర్చి ద్వారం మీది శిల్పాలు చూశాను. సూర్యుడు, చంద్రుడు, గిటారు లాంటి చరాంగో వాయించే జలకన్యలు. చెక్కినవాళ్లు అక్కడి కొండజాతి శిల్పులు. చీకటి పడుతుంటే వేడి సూపు తాగాం. మొక్కజొన్న పిండి సూపులో కాల్చిన రాయి వేసి తెస్తారు, బల్ల మీద కూడా కుతకుతలాడుతూ ఉంటుంది. మూడు చెంచాలు తాగేసరికి కడుపు వద్దంది.

రాత్రి ఎనిమిదికి తలనొప్పి మొదలైంది. కణతల చుట్టూ తాడు వేసి మెలిపెడుతున్నట్టుంది. మామూలు మాత్ర వేసుకున్నాను. పదకొండుకు వాంతి. నిద్ర పట్టీ పట్టగానే ఊపిరి ఆగి, ఎవరో నీళ్లలోంచి పైకి లాగినట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇలా ఎన్నిసార్లో లెక్క లేదు. ఆ ఎత్తున నిద్రలో శ్వాస ఇలా ఆగుతూ సాగుతూ ఉండటం చాలామందికి జరిగేదేనని మర్నాడు డాక్టరు చెప్పారు. ఆ చీకట్లో నాకు ఆ సంగతి తెలియదు. రెండు గంటల వేళ తమ్ముడు కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు తీసి నా వేలికి పెట్టాడు. 71. వాడికి 84. కరోనా కాలంలో 90 కింద పడితే ఆసుపత్రికి పరుగెత్తిన జ్ఞాపకం మా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. నాన్నను పోగొట్టుకున్నది ఆ అంకెల మధ్యే. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. పరికరం మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు. గది గోడలు చల్లగా ఉన్నాయి, వేడిచేసే ఏర్పాటు ఏమీ లేదు, బయట సున్నా కంటే తక్కువ. నాన్న చివరి రోజుల్లో పెట్టిన ఊపిరి శబ్దం నా గొంతులో వినపడింది.

మూడు గంటలకు ఇంటావిడ తలుపు కొట్టారు. మా అలికిడికి లేచినట్టున్నారు. కోకా ఆకుల టీ తెచ్చారు. లేత పసుపు నీళ్లు, ఎండుగడ్డి వాసన. కొంచెం ఊరట ఇచ్చింది, జబ్బు మాత్రం పోలేదు. ఆమె నా వెన్ను నిమురుతూ 'సొరోచే, సొరోచే' అంటూ కూర్చున్నారు. అక్కడివాళ్లు ఈ జబ్బును పిలిచే పేరు అది. తెల్లవారేదాకా ఆమె లేవలేదు.

మే 11 ఉదయం తొమ్మిదింటికి ఒక క్లినిక్‌కు వెళ్లాం. గంటా నలభై నిమిషాలు వరసలో కూర్చున్నాం. నా ముందు ఉన్నది ఇద్దరు గని కార్మికులు, ముప్పై ఏళ్లయినా ఉండవు, ఇద్దరిదీ ఒకే రకం పొడి దగ్గు. డాక్టరమ్మ చిన్నావిడ. ఊపిరితిత్తులు విని, నీరు చేరలేదని చెప్పి, గీత మీద పది అడుగులు నడవమన్నారు. తూలకుండా నడిచాను. తూలినా, కూర్చున్నచోట ఆయాసం వచ్చినా అది ప్రాణాపాయమని, అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదని వివరించారు. మూడు గంటలు ఆక్సిజన్ పెట్టారు. తలనొప్పి వదిలింది. తీసేసిన అరగంటకు మళ్లీ వచ్చింది. "దీనికి మందు కిందికి దిగడమే" అన్నారామె. మొత్తం బిల్లు 420 బొలీవియానోలు, మందులకు మరో 90.

ఇంటావిడ గది అద్దె తీసుకోలేదు. మళ్లీ వస్తారుగా, అప్పుడు ఇవ్వండి అన్నారు. మళ్లీ వస్తానని ఆ క్షణంలో నేను అనుకోలేదు.

నాలుగింటికి టాక్సీ మొత్తం మాట్లాడుకున్నాం, 350. కొండ వెనకద్దంలో చిన్నదవుతుంటే కళ్లు మూసుకున్నాను, చూడాలనిపించలేదు. బెతాన్సోస్ దగ్గర తలకు కట్టిన తాడు ఒక మెలిక వదిలింది. పిల్కొమాయో వంతెన దగ్గరికి వచ్చేసరికి, "ఆకలేస్తోందిరా" అన్నాను. తమ్ముడు తల అవతలికి తిప్పుకున్నాడు. కాసేపటికి గాని ఇటు తిరగలేదు. ఆవకాయ పొట్లం మళ్లీ మడతలు పడి ఉంది.

సూక్రేలో మే 11 నుంచి 15 దాకా ఐదు రాత్రులు, రోజుకు 200 చొప్పున. మొదటి రెండు రోజులు ఉత్త నిద్ర. ఏ బ్లోకేయో భయంతో పరుగెత్తామో, అది జరగనే లేదు. ఏదో చర్చల తరవాత విరమించారట. మేం పెట్టుకున్న పథకమే పాటించి ఉంటే హాయిగా శనివారం ఎక్కేవాళ్లం.

మంచం మీద ఉన్నప్పుడే బీమా కాగితాలు మొదటిసారి పూర్తిగా చదివాను. 3,000 మీటర్లకు పైన వచ్చే జబ్బులకు వర్తించదని ఐదో పేజీలో ఉంది. అడిగి చూశాం, ఇవ్వలేమన్నారు. మీరు ఎత్తైన ఊళ్లకు వెళ్తుంటే ఆ ఒక్క అంకె ఎక్కడుందో ముందే వెతుక్కోండి. కొండలెక్కే ఆటలకే ఆ నిబంధన అనుకోకండి, టాక్సీలో కూర్చుని వెళ్లినా ఎత్తు ఎత్తే.

ఆ రోజుల్లో ఒక విషయం నాకు కొత్తగా తెలిసింది, చదివిందే అయినా. వలసపాలన కాలంలో పొటోసీ వెండి ధనవంతులు ఇళ్లు కట్టుకున్నది సూక్రేలో. అప్పట్లో దాన్ని లా ప్లాతా అనేవారు, అంటే వెండి. పొటోసీ పుట్టిన తొలి యాభై ఏళ్లూ అక్కడ స్పెయిన్‌వాళ్లకు పుట్టిన పిల్లలు బతికేవారు కాదని పాత చరిత్రకారులు రాశారు. నిండు గర్భిణులు పురుడు పోసుకోవడానికి దిగువ లోయలకు వచ్చేవారట. పుస్తకంలో అది ఒక వింత సంగతిలా చదివి వదిలేశాను. ఇప్పుడు ఆ తల్లులు గాడిద మీద, పల్లకీల మీద, నేను టాక్సీలో దిగిన ఈ దారినే రోజుల తరబడి దిగారని తలచుకుంటే ఒళ్లు జలదరించింది. కొండజాతి తల్లులకు ఆ అవసరం రాలేదు, వేల ఏళ్లుగా వాళ్ల రక్తం ఆ గాలికి అలవాటుపడింది. ఆ అలవాటే వాళ్ల మెడకు చుట్టుకుంది. 1570లలో స్పెయిన్ వైస్రాయి తొలేదో పెట్టిన 'మీతా' అనే వెట్టి ప్రకారం, చుట్టుపక్కల రాష్ట్రాల కొండజాతి మగవాళ్లు ఏడేళ్లకోసారి ఏడాదిపాటు ఆ గనుల్లో పనిచేయాలి. వెట్టి అన్న మాట మనకు ఎవరూ వివరించనక్కర్లేదు.

తిరిగి ఎక్కాలా వద్దా అని మూడు రోజులు నలిగాం. తమ్ముడు ఈసారి నోరు విప్పి గట్టిగా వద్దన్నాడు. "కొండ చూశావు కదక్కా, చాలదా?" అన్నాడు. వాడి భయం నాకు తెలుసు. సూక్రేలోని డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన పరీక్షించి, నాకు వచ్చింది ప్రమాదకరమైన రకం కాదని, నాలుగైదు రోజులు ఈ ఎత్తున గడిపాక వెళ్లవచ్చని, అసిటజోలమైడ్ అనే మాత్ర ముందురోజు నుంచి వేసుకోవాలని చెప్పారు. సల్ఫా మందులు పడనివాళ్లకు అది పనికిరాదు, కాబట్టి ఎవరి మాట విని మీరు సొంతంగా కొనుక్కోవద్దు. మే 15 నుంచి మొదలుపెట్టాను. వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కాయి. రాత్రి నాలుగుసార్లు బాత్‌రూముకు లేవాల్సి వచ్చింది. సోడా తాగితే రుచే లేదు. ఇవన్నీ ఆ మందు వల్లే, కంగారు పడనక్కర్లేదు.

మే 16, మంగళవారం మళ్లీ టాక్సీ. ఈసారి మధ్యాహ్నం చేరగానే ఇంటావిడ చెప్పకముందే పడుకున్నాను. సాయంత్రం దాకా లేవలేదు. మూడు లీటర్ల నీళ్లు తాగాను. రాత్రి ఆక్సీమీటరు 86 చూపించింది. తలలో చిన్న బరువు, అంతే. తమ్ముడు ఆ అంకెను ఫోటో తీసి అమ్మకు పంపాడు.

రాత్రి అన్నం వండుకుందామని వాడు సావో పాలో నుంచి తెచ్చిన చిన్న కరెంటు కుక్కర్ పెట్టాడు. గంట గడిచినా మెతుకు నడుమ పలుకు పోలేదు. నీళ్లు మరుగుతూనే ఉన్నాయి, బియ్యం ఉడకడం లేదు. ఆ ఎత్తున నీళ్లు 86, 87 డిగ్రీలకే మరుగుతాయి. అంతకు మించి వేడెక్కవు, ఎంతసేపు పెట్టినా అంతే. ఇంటావిడ వచ్చి చూసి, మా గిన్నె పక్కకు జరిపి, తన ప్రెషర్ కుక్కర్ తెచ్చి పొయ్యి మీద పెట్టారు. మూడు కూతలు వచ్చాయి. బందరు ఇంట్లో వినే కూతే. ఆవకాయ పొట్లం మళ్లీ బంతి అయింది. కత్తెర పెట్టగానే నూనె చిమ్మి నా శాలువా మీద పడింది, ఆ మరక ఇంకా ఉంది. ఇంటావిడకు రెండు ముద్దలు కలిపి పెట్టాం. కారానికి ఆమె కళ్ల నీళ్లు తిరిగినా మళ్లీ చెయ్యి చాచారు.

మే 17న టంకశాలకు వెళ్లాను. కాసా దె లా మొనెదా అంటారు, 1773లో పూర్తయిన భవనం, ఒక వీధి మొత్తం ఆక్రమించింది. లోపలికి గైడుతోనే పంపుతారు. 40 నిమిషాలు ఆగాం. టికెట్టు 40, కెమెరాకు విడిగా. గోడల మందం వల్ల లోపల బయటికంటే చలి, రెండు స్వెటర్లు వేసుకున్నా చాలలేదు. పై అంతస్తులో పెద్ద కొయ్యచక్రాలు, పళ్లు పళ్లుగా ఒకదానికొకటి పట్టుకుని ఉన్నాయి. వెండి కడ్డీలను రేకులుగా సాగదీసే యంత్రాలు అవి. కింది అంతస్తులో కంచరగాడిదలు చుట్టూ తిరుగుతూ వాటిని తిప్పేవి. నేల మీద వాటి చీకటి గది చూశాను. ఆ గాలిలో అవి ఎంతకాలం లాగగలిగేవో నా ఊపిరితిత్తులకు కాస్త తెలుసు.

ఆ తరవాత నాణేలు. అద్దం వెనక, నల్లగుడ్డ మీద. 'మకుకీనా' అంటారు, సుత్తితో కొట్టిన పాత నాణెం. గుండ్రంగా ఉండదు. వెండిపలక నుంచి ముక్క కోసి, తూకం ఎక్కువైతే అంచు కత్తిరించి సరిచేసేవారు. తూకమే ముఖ్యం, ఆకారం ఎవరికీ పట్టలేదు. నేను చూసినదానికి ఒక మూల తెగిపోయి ఉంది, ఇంకో మూల సుత్తి దెబ్బకు పగిలింది. మీద రెండు స్తంభాలు, వాటి కింద సముద్రపు అలలు, పక్కన పొటోసీ గుర్తుగా ఒక అక్షరం. అలలు మూడే మూడు గీతలు, చిన్నపిల్లలు గీసినట్టు. ఎనిమిది రియాళ్ల నాణెం. ఇలాంటివే పెట్టెల్లో సముద్రాలు దాటి మన రేవుకు వచ్చి, మళ్లీ కరిగి మరో ముద్ర వేయించుకున్నాయి. అందుకే అవి మా ఊళ్లో నాకు ఎక్కడా కనిపించలేదు. పెడన అద్దకాల బట్ట ఒకటి మెడకు చుట్టుకుని వెళ్లాను. అద్దంలో నాణెం పక్కనే దాని అంచు పూలు ప్రతిఫలించాయి. గైడు మిగతావాళ్లతో ముందుకు వెళ్లిపోయాడు. నేను కదలలేకపోయాను.

మే 18 విశ్రాంతి. ఊరి పైన కరి కరి కొండల్లో ఉన్న పాత చెరువులు చూడాలని ఉంది. వెండి రాతిని పొడిచేసే మిల్లులు తిప్పడానికి 1570ల నుంచి కట్టిన చెరువులవి. 1626లో ఒకదాని కట్ట తెగి ఊళ్లోకి వరద వచ్చి జనం చచ్చిపోయారు. అవి ఊరి కంటే ఇంకా ఎత్తున ఉన్నాయి. తమ్ముడి ముఖం చూసి అడగలేదు.

మే 19న గని కార్మికుల బజారుకు వెళ్లాం. కోకా ఆకుల సంచులు, ఘాటైన సారా సీసాలు, శిరస్త్రాణాలు, వాటి పక్కనే డైనమైట్ గొట్టాలు, వత్తులు, కూరగాయల్లా పేర్చి అమ్ముతారు. పర్యాటకులు ఇవి కానుకగా కొని గనిలోకి తీసుకెళ్లి కార్మికులకు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. గని యాత్రకు నేను వెళ్లలేదు. ఎత్తు ఒక్కటే కారణం కాదు. క్లినిక్‌లో నా ముందు కూర్చున్న ఆ ఇద్దరి దగ్గు విన్నాక, వాళ్లు పని చేస్తుంటే డబ్బిచ్చి చూడటానికి నాకు మనసు రాలేదు. వెళ్లేవాళ్లను తప్పు పట్టను, ఆ డబ్బుతో బతికే గైడులూ ఒకప్పటి కార్మికులే. తమ్ముడు గని ద్వారం దాకా వెళ్లి వచ్చాడు. అక్కడ చెత్తరాయి గుట్టల మీద సుత్తి పట్టుకుని ఒక ముసలావిడ రాళ్లు పగలగొడుతూ మిగిలిన లోహపు ముక్కలు ఏరుకుంటోందట. వాళ్లను 'పల్యీరి' అంటారు. ఆవిడ ముఖం అమ్మమ్మలా ఉందని చెప్పాడు, ఆ తరవాత రాత్రి దాకా పెద్దగా మాట్లాడలేదు. ఐదు శతాబ్దాలకు దగ్గరవుతున్నా ఆ కొండను ఇంకా తవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు ఎక్కువగా జింకు, తగరం, సీసం. లోపల డొల్లయి శిఖరం కుంగుతోందని 2014లో యునెస్కో ఆ ఊరిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

మే 20 ఉదయం సెలవు తీసుకున్నాం. ఇంటావిడ ఒక చిన్న సంచి నిండా కోకా ఆకులు కట్టి ఇచ్చారు, మీ అమ్మకు టీ పెట్టి ఇవ్వండి అని. బొలీవియాలో అది మన తులసి కషాయం లాంటిదే. బొలీవియా గడప దాటితే చాలా దేశాల్లో నేరం, మన దేశంలోనూ నేరమే, టీ సంచులు కూడా తీసుకురాకూడదు. ఆమెకు ఇది చెప్పడం ఆ ప్రయాణంలోకెల్లా కష్టమైన పని. సంచి తీసుకుని, కళ్లకద్దుకుని, మళ్లీ ఆమె చేతిలో పెట్టాను. ఎందుకో ఆమెకు అర్థమైంది. దానికి బదులు ఎండు బంగాళాదుంపలు, 'చూన్యో' అంటారు, రాత్రి మంచులో గడ్డకట్టించి పగలు ఎండలో తొక్కి ఆరబెట్టినవి, గులకరాళ్లలా ఉన్న ఒక గుప్పెడు నా జేబులో పోశారు. నేను పెడన బట్ట ఆమె మెడ చుట్టూ కప్పాను.

లెక్క అడిగేవాళ్ల కోసం. నా తొందర వల్ల అదనంగా అయినది క్లినిక్, మందులు, దిగిన టాక్సీ, సూక్రేలో ఐదు రాత్రులు, ఇద్దరికీ రెండోసారి ఎక్కిన చార్జీ, అన్నీ కలిపి 1,980 బొలీవియానోలు. దాదాపు 24 వేల రూపాయలు.

మే 24న హైదరాబాద్‌లో దిగినప్పుడు ఆరోగ్య విభాగం బల్ల దగ్గర పసుపు పుస్తకం అడిగారు. తేదీ చూశారు, ముద్ర చూశారు, పంపేశారు. రెండు నిమిషాలు. నా వెనక ఉన్న ఒకాయన దగ్గర ఆ పుస్తకం లేదు, ఆయన్ను పక్కకు పిలిచారు. తరవాత ఏమైందో చూడలేదు.

ఇంటికి చేరిన రాత్రి సంచి విప్పుతుంటే ఆక్సీమీటరు దొరికింది. విమానాశ్రయంలో విడిపోయేముందు తమ్ముడు నాకు చెప్పకుండా నా సంచిలో పెట్టాడు. వేలికి పెట్టి చూశాను. 99. అమ్మ మంచం మీద కూర్చుని చూస్తూ ఉంది. నాకూ పెట్టు అని వేలు చాచింది. చల్లటి వేలు, అంకె రావడానికి కొంచెం సేపు పట్టింది. 97.